ఓడిన ఊళ్లు పిలుస్తున్నాయి!

ఇటలీ టూరు అంటే మనవాళ్ల ప్లాను దాదాపు ఒకేలా ఉంటుంది. రోమ్‌లో రెండ్రోజులు, వెనిస్‌లో ఒకరోజు, మధ్యలో ఫ్లోరెన్స్. దారిలో పీసా దగ్గర ఓ గంట బస్సు ఆపితే, ఒరిగిన టవర్‌ని అరచేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో. అంతే, టస్కనీ చూసేసినట్టే!

అసలు టస్కనీ అక్కడే మొదలవుతుందంటే నమ్ముతారా? ఫ్లోరెన్స్‌లో నాలుగైదు రోజులు మకాం పెడితే చాలు. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి, రాత్రి భోజనానికి తిరిగొచ్చేంత దూరంలో నాలుగు అందమైన ఊళ్లున్నాయి... పీసా, సియెనా, శాన్ జిమిన్యానో, లుక్కా. పేర్లన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి మన నాలుకకి ఇబ్బందేమీ లేదు.

ఈ నాలుగూ ఒకప్పుడు ఎవరికి వారే ఏలుకున్న నగరాలు. వాటిలో మూడు ఒకదాని తర్వాత ఒకటి ఫ్లోరెన్స్‌కి తలవంచాయి. ఓడిన ఊళ్లలో కొత్త మేడలు కట్టే జోరు తగ్గింది. పాతవాటిని కూల్చే అవసరమూ రాలేదు. ఆ రోజు వాళ్లకి కష్టమే. ఈ రోజు మనం చూసేది మాత్రం ఆ ఓటమి దాచిపెట్టిన అందాన్నే.

ఆగింది కాబట్టే నిలిచింది

పీసా ఒకప్పుడు సముద్రాన్ని ఏలిన ఊరు. 1284లో జెనోవా నౌకాదళం చేతిలో చావుదెబ్బ తింది. 1406లో ఫ్లోరెన్స్ వశమైంది. 1173లో మొదలైన టవర్ మూడో అంతస్తుకి వచ్చేసరికే మెత్తటి నేలలోకి దిగబడి ఒరిగింది. అంతలో యుద్ధాలొచ్చి పని దాదాపు వందేళ్లు ఆగింది. ఆ విరామంలో మట్టి గట్టిపడింది. ఏకబిగిన కట్టేసుంటే అప్పుడే కూలిపోయేదంటారు నిపుణులు. యుద్ధాలు కాపాడిన కట్టడమన్నమాట!

వాలు మరీ ప్రమాదంగా మారడంతో 1990లో జనాన్ని ఎక్కనివ్వడం మానేశారు. పైకి లేచిన వైపు పునాది కింద నుంచి మట్టిని కొద్దికొద్దిగా తోడి, టవర్‌ని 40 సెంటీమీటర్లకు పైగా వెనక్కి తెచ్చారు. 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని పైకి అనుమతించరు. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి, అక్కడికెళ్లాక ఏడిస్తే కష్టం!

ఫ్లోరెన్స్ నుంచి రైల్లో గంట. స్టేషన్ నుంచి టవర్‌కి బస్సుంది కానీ, ఆర్నో నది వంతెన దాటి అరగంట నడిస్తే ఊరు కనిపిస్తుంది. దారిలో 'చెచీనా' రుచి చూడండి. శనగపిండిని జారుగా కలిపి, ఆలివ్ నూనె వేసి, పెద్ద పళ్లెంలో పోసి కాలుస్తారు. మన శనగపిండి అట్టుకి దూరపు చుట్టం. శాకాహారులకి భేషైన టిఫిన్.

సగంలో ఆగిన గుడి

సియెనాకి రైలు కన్నా బస్సే నయం. రైల్వేస్టేషన్ కొండ కింద ఉంటుంది, బస్సు పైదాకా తీసుకెళుతుంది. ప్రయాణం గంటంబావు.

ఉన్న పెద్ద చర్చిని కొత్తదానిలో ఒక భాగంగా కలిపేసి, ఎవరికీ లేనంత మహా కట్టడం కట్టాలని 1339లో సియెనా పూనుకుంది. 1348లో ప్లేగు వచ్చింది. పని అక్కడే ఆగింది. ఆ అసంపూర్తి గోడ ఇప్పటికీ ఒంటరిగా నిలబడే ఉంది. ఎక్కి చూస్తే ఊరంతా కాళ్ల కింద కనిపిస్తుంది. 1555లో స్పెయిన్, ఫ్లోరెన్స్ సేనల ముట్టడికి ఊరు లొంగిపోయింది.

అయినా పౌరుషం పోలేదు. ఊరి నడుమ ఆల్చిప్పలా వాలుగా ఉండే మైదానంలో ఏటా జులై 2న, ఆగస్టు 16న పాలియో గుర్రప్పందేలు జరుగుతాయి. మొత్తం 17 పేటలుంటే పందెంలో దిగేవి పదే. రౌతు పడిపోయినా గుర్రం ముందు గీత దాటితే ఆ పేటదే గెలుపు!

అంతస్తుల పోటీ

శాన్ జిమిన్యానో కొండమీది చిన్న ఊరు. రోమ్ వెళ్లే యాత్రికుల బాటలో ఉండటం వల్లా, కుంకుమపువ్వు వ్యాపారం వల్లా బాగా డబ్బు చేసింది. డబ్బున్న కుటుంబాలు నీ టవర్ ఎత్తా, నా టవర్ ఎత్తా అని పోటీలు పడ్డాయి. ఒకప్పుడు 72 ఉండేవని చెబుతారు. ఇప్పుడు పద్నాలుగు దాకా మిగిలాయి. అన్నిటికన్నా పొడవైనది 54 మీటర్లు. ఇక్కడా 1348 ప్లేగే దెబ్బకొట్టింది. 1353లో ఫ్లోరెన్స్ పాలన కిందికి వెళ్లింది.

ఈ ఊరికి రైలు లేదు. పొజ్జిబోన్సి దాకా వెళ్లి అక్కడ బస్సు మారాలి. ఆదివారాలు బస్సులు తక్కువ. తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే కొండెక్కండి.

యుద్ధం చూడని గోడ

ఫ్లోరెన్స్‌కి లొంగనిది లుక్కా ఒక్కటే. 1799లో ఫ్రెంచివాళ్లు వచ్చేదాకా స్వతంత్రంగానే ఉంది. పొరుగువాళ్ల భయంతో ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు గోడ కట్టుకుంది. విచిత్రమేమంటే దానిమీదికి ఏ శత్రువూ రాలేదు. 1812లో మాత్రం వరదొస్తే తలుపులు మూసి నీటిని ఆపుకున్నారు. ఇప్పుడా గోడ మీద వరసగా చెట్లు, చెట్ల కింద సైకిళ్లు. అద్దెకి తీసుకుని ఇంటిల్లిపాదీ ఊరు చుట్టి రావొచ్చు. రైల్లో గంటన్నరలోపు ప్రయాణం.

రోజుకి ఒక్కటే!

ఒక్కరోజులో మూడు ఊళ్లు చూపిస్తామనే టూరు బస్సులూ ఉన్నాయి. లెక్క వేసుకోండి, సగం రోజు బస్సులోనే గడుస్తుంది. పైగా అవి తిరుగుముఖం పట్టాకే ఆ ఊళ్లు ఊళ్లలా అవుతాయి. తాతలు, మనవలు, చంకలో బిడ్డలతో తల్లులు సాయంత్రపు షికారుకి వీధుల్లోకొస్తారు. దాన్ని చూడటానికి టికెట్ అక్కర్లేదు, తీరిక కావాలి. రోజుకొక్క ఊరు ఎంచుకోండి. రెండే రోజులుంటే రెండే చూడండి. చూడనివాటి గురించి బెంగ వద్దు.

రెండు జాగ్రత్తలు. కాగితం రైలు టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్లో ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా. దారులన్నీ రాళ్లు పరిచినవే, కొత్త చెప్పులతో వెళ్లకండి.

టవర్‌ని ఆపినట్టు ఫొటో తీసుకోవడం తేలికే. ఆ ఊళ్లో ఓ పూట మనం ఆగామా అన్నదే అసలు సంగతి!