జేబుకు బరువు కాని చాకే పనికొచ్చే చాకు

ఎద్దును కొనేటప్పుడు మనం పళ్లు చూస్తాం, సుడులు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. విత్తనం కొనేటప్పుడు పదిమందిని అడుగుతాం. కాని ఏళ్ల తరబడి వెంట ఉండవలసిన చాకును మాత్రం జాతరలో తళతళ చూసి, బేరమాడి, సంచిలో వేసుకొని వస్తాం. ఇది సరైన పద్ధతి కాదని చెప్పడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం. చాకు వంటి చిన్న వస్తువుకు ఇంత చర్చ ఎందుకని కొందరు అనుకోవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే ఉండేది. ఒక పెయ్యదూడ నా అభిప్రాయాన్ని మార్చింది.

కొన్నేళ్ల కిందట ఒక జాతరలో మడత చాకు కొన్నాను. పిడికి ఇత్తడి పూలు, అలుగు మీద నగిషీ, తెరిస్తే జానెడుకు పైనే. చూసినవారంతా మెచ్చుకున్నారు. వారం రోజులు జేబులో వేసుకొని తిరిగాను. గొంతుక్కూర్చుంటే తొడకు గుచ్చుకునేది. సైకిలెక్కితే జేబు ఒక పక్కకు వేలాడేది. ఎనిమిదోనాడు జేబు అడుగు చిరిగింది. విసుగొచ్చి ఇంట్లో గూట్లో పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది.

ఆ వానకాలంలో ఒకనాటి సాయంత్రం మా పెయ్యదూడ పలుపు కాలువ గట్టు మీది తుమ్మ మొద్దుకు చుట్టుకుంది. దూడ గట్టు మీద నుంచి జారి సగం వేలాడుతున్నది. నైలాన్ తాడు మెడకు బిగుసుకుపోయింది. ముడి విప్పడానికి వేళ్లు దూరలేదు. పళ్లతో కొరికినా తెగలేదు. దూడ కళ్లు తేలవేసింది. నా కేకలు విని పక్క చెలకలో మేకలు కాస్తున్న ముసలాయన పరుగెత్తుకొచ్చాడు. బొడ్లో నుంచి బెత్తెడు చాకు తీసి రెండు కోతలతో తాడు తెంపాడు. దూడ బతికింది.

"చాకు లేదా బిడ్డా?" అన్నాడు.

"ఉన్నది తాతా, ఇంట్ల ఉన్నది" అన్నాను.

"ఇంట్ల ఉన్న చాకు కూర కోసుకోను పనికొస్తది గని, చెల్కల నీకేం పనికొస్తది?" అని నవ్వుకుంటూ మేకల వెంట వెళ్లిపోయాడు.

ఆయన చాకుకు నగిషీ లేదు. పిడి చెక్క చెమటకు నల్లబడిపోయింది. కాని అది ఆయన ఒంటి మీద ఉంది. చాకు ఎంపికలో మొదటి సూత్రం ఇదే. వెంట ఉండని చాకు ఎంత మంచిదైనా లేనట్టే. జేబులో ఉన్నదన్న సంగతి మరిచిపోయేటంత తేలికైనదే మనకు తగిన చాకు.

బెత్తెడు అలుగు చాలు

రైతుకు చాకుతో రోజూ ఉండే పనులేమిటో ఆలోచించండి. యూరియా సంచి కుట్టు తెంపాలి. సుతిలి తాడు కోయాలి. డ్రిప్పు పైపు ముక్క చేయాలి. వేపపుల్ల చెక్కాలి. ఆదిలాబాద్ వైపు పత్తి బోరాల పని, పెద్దపల్లి వైపు వడ్ల సంచుల పని, జగిత్యాల వైపు మామిడి తోటల పని, అడవి పల్లెల్లో తునికాకు కట్టల పని. వీటిలో దేనికీ బెత్తెడు అలుగుకు మించి అవసరం లేదు. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు, సుమారు మూడంగుళాలు. ఎవరి బెత్తె వారికి కొలత. మీ అరచేతికి అడ్డంగా పెట్టి చూసుకోండి, టేపు అక్కరలేదు. అంతకంటే పెద్ద పనికి ఇంట్లో కొడవలి ఉంది, గొడ్డలి ఉంది.

బరువు కోడిగుడ్డు బరువుకు అటూ ఇటూగా, అంటే 50 గ్రాముల దగ్గర ఉంటే మేలు. ఇత్తడి, ఇనుప రేకులతో చేసిన పిడి బరువెక్కిస్తుంది, ఎండకు కాలుతుంది. చెక్క పిడిగాని, బర్రె కొమ్ము పిడిగాని తేలికగా ఉంటుంది, చెమట చేతిలోనూ జారదు. పిడి మూలలు గుండ్రంగా ఉండాలి. జేబులు చిరిగేది అలుగు వల్ల కంటే పిడి మూలల వల్లనే ఎక్కువ.

మూడు రకాలు

మడత చాకుల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మొదటిది చీల బిగువు మీదనే నిలిచేది. దీనికి స్ప్రింగు ఉండదు. చేయడం సులువు, చెడిపోయేది తక్కువ. అయితే చీల వదులైతే అలుగు ఊగుతుంది, మడతపడి వేళ్లు కోస్తుంది. అప్పుడప్పుడు చీలను సుత్తితో మెల్లగా కొట్టి బిగించుకోవాలి.

రెండవది పిడి వీపున పట్టీ స్ప్రింగు ఉన్నది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని నిలుస్తుంది. జేబులో దానంతట అది తెరుచుకోదు. రోజువారీ పనికి నా ఓటు దీనికే. అయితే దీనికి తాళం లేదన్న సంగతి మరవరాదు. మొనతో పొడిచే పని, రంధ్రం చేసే పని పెట్టుకుంటే ఇదికూడా వేళ్ల మీద మడతపడుతుంది.

మూడవది మీట నొక్కితే ఎగిరి తెరుచుకొనేది. సినిమాల్లో రౌడీల చేతిలో కనిపించేది ఇదే. కుర్రవాళ్లకు దీని మీద మోజు. జేబులో మీట ఒత్తుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పనికి ఇది మిగతావాటి కంటే ఒక్క వీసం కూడా ఎక్కువ కాదు. పైగా దీన్ని పనిముట్టుగా ఎవరూ చూడరు. ఢిల్లీలో 1980 నాటి ప్రభుత్వ ప్రకటన మీట చాకులను, స్ప్రింగుతో ఎగిరే చాకులను అలుగు 7.62 సెంటీమీటర్లు, అంటే మూడంగుళాలు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు ఉంటేనే ఆయుధాల కింద చేర్చింది. దేశమంతటికీ వర్తించే ఆయుధాల నిబంధనలు తొమ్మిదంగుళాల కంటే పొడవు, లేదా రెండంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగులను ఆయుధాలుగా లెక్కిస్తూ, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని మినహాయించాయి. బెత్తెడు చాకు పెట్టుకున్న రైతు ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన అవసరం సాధారణంగా రాదు. జానెడు మీట చాకు పెట్టుకున్న కుర్రవాడికి రావచ్చు.

అంగట్లో ఎలా చూడాలి

కొనేటప్పుడు చాకును నిలబడి చూడటం చాలదు. ముందు మూసి వెలుతురుకు పట్టండి. అలుగు మొన పూర్తిగా పిడిలోకి దిగాలి. వెంట్రుక వాసి పైకి కనిపించినా వద్దనండి, అదే రేపు మీ వేలిని గీరుతుంది. తరువాత తెరిచి, అలుగును రెండు వేళ్లతో పట్టి పక్కలకు ఊపండి. ఊగకూడదు. గోటితో తెరవడానికి అలుగు మీద గాడి ఉండాలి. గోరు విరిగేటంత బిగువు వద్దు, తలకిందులు చేసి విదిలిస్తే తెరుచుకొనేటంత వదులూ వద్దు.

ఆఖరు పరీక్ష జేబుది. చాకును మూసి జేబులో వేసుకొని అంగట్లోనే గొంతుక్కూర్చోండి. వంగి కాలి చెప్పు సర్దుకోండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పొలంలో మనం ఎక్కువ సేపు ఉండేది ఆ భంగిమల్లోనే. అప్పుడు గుచ్చుకోకపోతే ఇక గుచ్చుకోదు. అంగీ పై జేబులో మాత్రం చాకు పెట్టుకోవద్దు. బావిలోకి వంగిన రోజున అది బావి పాలే. పంచెకు, లుంగీకి జేబులుండవు. కాబట్టి పిడి చివర రంధ్రం ఉన్న చాకును ఎంచుకొని, గట్టి దారంతో మొలతాడుకు కట్టుకొని బొడ్లో దోపుకోవడం మేలు.

ఈ లెక్క మన దగ్గరే కాదు. ఫ్రాన్సు దేశంలోని సవాయి అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు 1890లో అక్కడి రైతుల కోసం చెక్క పిడి మడత చాకు చేశాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు పన్నెండు కొలతల్లో తయారుచేశారు. వాటిలో జనం మెచ్చి నిలబెట్టింది 8వ నంబరు. దాని అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అంటే మన బెత్తెడుకు ఒక గోరు ఎక్కువ. తెరిచిన అలుగు మడతపడకుండా తిరిగే ఉంగరాన్ని 1955లో చేర్చారు. దేశం వేరైనా, పంట వేరైనా, పొలంలో పనిచేసే చేతికి కావలసిన కొలత ఇంచుమించు ఒకటేనని దీనివల్ల తెలుస్తున్నది.

జంగు పట్టే ఉక్కును చూసి భయపడవద్దు

మెరిసే స్టెయిన్‌లెస్ అలుగు మంచిదా, జంగు పట్టే నల్ల ఉక్కు మంచిదా అని చాలామంది అడుగుతుంటారు. చేపలు, నిమ్మకాయలు, ఉప్పునీళ్ల పని ఎక్కువ ఉన్నవారికి స్టెయిన్‌లెస్ మేలు. పొలం పనికి నల్ల ఉక్కే సుఖం. మొద్దుబారితే బాయి గడ్డ మీది నున్నటి రాతి మీద పది తిప్పులు తిప్పినా పదునెక్కుతుంది. మామిడికాయ కోసిన తరువాత తుడవాలి. వారానికోసారి చీల దగ్గర ఒక చుక్క ఆముదం వేయాలి. అంతకు మించిన సేవ అక్కరలేదు.

ఉక్కు విషయంలో మనం ఎవరి ముందూ తలవంచవలసిన పనిలేదు. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కాచిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఆ తయారీ విధానాన్ని హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు కళ్లారా చూసి రాసిన వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.  2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి, పాత ఇనుప చిట్టెపు దిబ్బలను ఊరూరా నమోదు చేశారు. మన దున్నకాల్లో నాగలికి తగిలే ఆ నల్లటి చిట్టెం మన పెద్దల పనితనానికి గుర్తు.

కొలిమికి ఒక పని

అటువంటి గడ్డ మీద నేడు కమ్మరి కొలిమి చల్లారిపోతుండటం విచారకరం. ట్రాక్టరు వచ్చాక కర్రు పని తగ్గింది. అచ్చులో పోసిన కొడవళ్లు దుకాణానికి వచ్చాక మిగిలిన పనీ పోయింది. ఉన్న ఊళ్లలోనైనా మనం కమ్మరిని ఒక మాట అడగాలి. "నా చేతి కొలతకు ఒక మడత చాకు చేసిస్తవా అన్నా?" అని అడగండి. స్ప్రింగు లేని మొదటి రకం చాకు చేయడానికి కావలసినవి ఒక ఉక్కు ముక్క, ఒక చెక్క, ఒక చీల. లారీ కమాను పట్టీ ముక్కతో గట్టి అలుగు అవుతుంది. అరిగిపోయిన ఆకురాయితోనూ చేయవచ్చుగాని, నీళ్లలో ముంచిన తరువాత తిరిగి తగినంత సెగ చూపకపోతే అది గాజులా పెళుసవుతుంది. ఈ సంగతి పుస్తకం చదివినవాడి కంటే కొలిమి ముందు పెరిగినవాడికే బాగా తెలుసు. జాతర చాకు కంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. చీల వదులైన రోజున బిగించడానికి జాతర దుకాణంవాడు మనకు దొరకడు. మన ఊరి కమ్మరి దొరుకుతాడు.

ఇక కొన్ని జాగ్రత్తలు. చాకును ఇతరులకు ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వండి, లేదా పిడి ముందుకు పెట్టి ఇవ్వండి. మర తిప్పడానికి, డబ్బా మూత లేపడానికి వాడవద్దు, మొన విరుగుతుంది. పిల్లలకు అందేచోట పెట్టవద్దు. కోర్టుకు, పోలింగు కేంద్రానికి, సభలకు వెళ్లేటప్పుడు ఇంట్లో వదిలి వెళ్లండి. మన ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే తమ్ముళ్లు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. విమానం ఎక్కేవాడి జేబులోగాని, చేతి సంచిలోగాని చాకు ఉండటానికి వీల్లేదు. ఏళ్లుగా నడుముకు అలవాటైన చాకు శంషాబాద్ తనిఖీలో పోగొట్టుకోవడం కంటే, సాగనంపడానికి వచ్చిన నాయిన చేతిలో పెట్టి వెళ్లడం మంచిది.

వచ్చే అంగడినాడు చాకు బేరం చేసేవారు నగిషీ చూడకండి, మెరుపు చూడకండి. బెత్తె అడ్డం పెట్టి కొలవండి, గొంతుక్కూర్చొని చూడండి. ఆపద మనం ఇంటికి వెళ్లి చాకు తెచ్చుకొనేదాకా ఆగదు. గట్టు మీద మన దూడ మెడకు పలుపు బిగుసుకున్న వేళ ఊళ్లో ఎవరి చాకు గొప్పదన్న ప్రశ్న రాదు, ఎవరి బొడ్లో చాకు ఉన్నదన్న ప్రశ్నే వస్తుంది.