తుపాను త్రోవలు

శీతకాలపు తుపాను అనగానే పాశ్చాత్యులకు మంచు తలపునకు వచ్చును. 2021 ఫిబ్రవరి 11వ తేదీని టెక్సాసు రాష్ట్రమందలి ఫోర్టువర్తు నగరమున బాట గడ్డకట్టి, నూటముప్పదికి పైగా వాహనములు ఒకదానిపై నొకటి పడి, ఆరుగురు మరణించిరి. ఆ రాష్ట్రమున మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి గనుక ఆ వార్త తెనాలి, రేపల్లె ప్రాంతములలో పెక్కు లోగిళ్ళను కలవరపెట్టినది. అది సహజము. కాని యా తలిదండ్రుల వాకిటి ముందరి బాట మాటేమి?

మన తీరమున మంచు కురియదు. కార్తిక మార్గశిరములలో సముద్రమే లేచి వచ్చును. ఈశాన్య ఋతుపవనము వీచు ఆ దినములలో బంగాళాఖాతపు నీరింకను వెచ్చగనే యుండును. ఆ వేడిమియే వాయుగుండమునకు బలము. తీరముకడ లోతు తక్కువ గనుక గాలి నెట్టిన నీరు పోవుటకు చోటు లేక ఉప్పెనయై నేలమీదికి వచ్చును. 1864 నవంబరు 1న మచిలీపట్టణమున ముప్పదివేల మంది యిట్లే జలసమాధి యైరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెన పదివేలకు పైగా ప్రాణములను గొన్నది. నాడు గుంటూరు జిల్లా తీరగ్రామములును దాని వాత బడినవే.

ఆ పిదప ప్రభుత్వము మేల్కొన్నదనుట న్యాయము. తీరమున తుపాను రక్షణ గృహములు లేచినవి. విశాఖపట్టణపు హెచ్చరిక కేంద్రమువారి మాటకు గ్రామములలో విలువ హెచ్చినది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారమున వచ్చిన ఘోరమైన తుపానునకు మృతులు వేయికి లోపుగనే యుండిరి. 2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నమున మిచౌంగ్ తుపాను గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముతో బాపట్లకు దక్షిణముగా తీరము దాటినపుడు మన తీరమున ప్రాణనష్టము మిక్కిలి స్వల్పము. ఇది చిన్న విజయము కాదు.

అయితే ప్రాణములు దక్కినవను సంతోషముతో అధికారులును మనమును కడమ పనిని మరచితిమి. అడవులదీవి వంటి యూరివారికి రక్షణ యనగా రేపల్లెకో బాపట్లకో పోవు బాట. కాలువ పొంగి బాటమీద మోకాటిలోతు నీరు పారునపుడు గట్టేదో గుంటయేదో తెలియదు. కూలిన చెట్టునకును తెగిన విద్యుత్తు తీగకును నడుమ ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి జేర్చుటెట్లు? పడవ యెక్కవలయునా, ట్రాక్టరు తొట్టి యెక్కవలయునా? హెచ్చరిక రెండు దినములు ముందు వచ్చినను, పోవుటకు త్రోవ లేనివానికి దాని వలన సగమే లాభము.

ధాన్యము గతియు నంతియే. బాపట్ల పరిశోధన కేంద్రమున పుట్టి దేశమంతట పేరుగాంచిన సాంబమసూరి దీర్ఘకాలపు పంట. సరిగా తుపానుల వేళకే కోతకు వచ్చును. మిచౌంగ్ నాడు నిలిచిన చేలు నేలకొరిగినవి, కోసిన పనలు నీట తేలినవి. పనలనెత్తి మెరకకు జేర్చుటకు వ్యవధి చాలకపోవుట యొక్కటియే కారణము కాదు. పొలమునుండి కళ్ళమునకు బండి రాదగిన డొంక లేకపోవుటయు కారణమే. నీట మునిగిన పన నాలుగు దినములలో మొలకెత్తును. ఆ నష్టమును మొదట భరించువాడు కౌలురైతు. పట్టా తన పేర లేనివానికి పరిహారము దొరకుట యెంత కష్టమో పాఠకులెరుగుదురు.

ఆ డొంకలేమైనవి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు సచివాలయమున మాత్రమే లేరు. ఈ పత్రిక చదువు భూస్వాములలోనే యున్నారు. రెండు బండ్లు ఎదురెదురుగా తొలగిపోవు డొంకలు ఏటేట ఒక్కొక్క చాలుగా లోపలికి దున్నబడి నేడు కాలిబాటలైనవి. మురుగుకాలువ గట్లు కొన్ని చేలలో గలిసినవి, కొన్ని రొయ్యల చెరువులకు కట్టలైనవి. డెల్టా మురుగు సమస్యపై 1960 దశకమున మిత్రా సంఘము విచారణ జరిపినది. 1968లో శాసనమొనర్చి రైతులయొద్ద మురుగు పన్ను గూడ గొనిరి. పన్నిచ్చిన చేతులతోనే కాలువను పూడ్చుట మాకు వింతగా దోచుచున్నది. తూడును గుర్రపుడెక్కయు తీయించుట ప్రభుత్వమువారి విధియే; దానిని మేము గట్టిగా నడుగుచునే యున్నాము. కాని నీరు పోవు దారిని మనమే కట్టి, బాట మునిగినదని యింజనీరును నిందించుట యెట్లు?

వచ్చు కోతలకు ముందుగనే గ్రామ పటములను బయటికి దీసి, సర్వేయరును పిలిచి, డొంకల కొలతలు వేయింపవలెను. పెద్ద కమతములవారు తమ గట్టును తామే మొదట వెనుకకు జరుపుకొనవలెను. తీరగ్రామములనుండి పట్టణములకు పోవు బాటలను ఉప్పెన మట్టమునకు తగినట్లు ఎత్తుచేసి, తూములు పెద్దవిగా కట్టుటకు జిల్లా అధికారులు వేసవిలోనే పూనుకొనవలెను. బాట యొక్క వెంబడి తెల్లసున్నము పూసిన రాళ్ళు నాటినచో నీటిలోను అంచు తెలియును. దానికి కావలసినది కొలది రూకలు, రెండు దినముల కూలి.