రౌడీయిజం లెక్కల్లో స్త్రీలెక్కడ?

విజయవాడ ముఠా కక్షల చరిత్ర చెప్పమంటే ఎవరైనా హత్యల వరుసే చెబుతారు. 1974లో వంగవీటి రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988 మార్చిలో దేవినేని మురళి, అదే ఏడాది డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి రంగా. ఆ వెంటనే దహనకాండ, కర్ఫ్యూ. ఈ చరిత్రలో స్త్రీలు శవం పక్కన ఏడుస్తూ తప్ప కనిపించరు. రంగా భార్య రత్నకుమారి 1989లోనూ, 1994లోనూ శాసనసభకు ఎన్నికయ్యారు. అయినా ఆమెను చాలామంది గుర్తుపెట్టుకున్నది రంగా భార్యగానే.

ముఠాలను కొందరు దుర్మార్గుల పనిగా చూస్తే సమస్య అర్థం కాదు. ఇల్లు ఖాళీ చేయించాలన్నా, రావలసిన కూలి డబ్బు రాబట్టాలన్నా, మొగుడు కొడుతున్నాడని చెప్పుకోవాలన్నా పేదల పేటల్లో స్టేషన్ కన్నా, కోర్టు కన్నా ‘అన్న’ గుమ్మమే దగ్గర. స్త్రీలు కూడా ఆ గుమ్మం ఎక్కారు. ఒప్పుకోవడానికి మనకు ఇబ్బందిగా ఉన్నా ఇది నిజం. అయితే అక్కడ దొరికేది హక్కు కాదు, దయ. ఇవాళ దయ చూపినవాడికి రేపు ఎదురు చెప్పలేం. పైగా ‘సెటిల్‌మెంట్’ చేసేవాడి మాట చెల్లాలంటే వాడి వెనక కత్తి ఉండాలి. 2020 మే 30న పటమటలో రెండు ముఠాలు వీధిలో కొట్టుకుని ఒక ప్రాణం పోయిన ఘటనకు మూలం కూడా ఒక ఆస్తి తగాదా సెటిల్‌మెంటే.

గొడవ జరిగిన మర్నాటి నుంచి ఆ పేటలో ఏం జరుగుతుంది? మగవాళ్లు పరారవుతారు. ఆసుపత్రి చుట్టూ, జైలు చుట్టూ, వకీలు చుట్టూ తిరిగేది తల్లులు, భార్యలు. బెయిలు కోసం తాకట్టుకు పోయేది వాళ్ల మెడలోని నానుతాడు. భయంతో బడి మానిపించేది ఆడపిల్లల చేత. మగవాళ్ల ‘పరువు’ కోసం జరిగే యుద్ధానికి స్త్రీల చాకిరీయే పెట్టుబడి. ఈ ఖర్చు ఏ నేర గణాంకాల్లోనూ చేరదు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. కొడుకు దొరక్కపోతే తల్లిని స్టేషన్‌లో కూర్చోబెట్టడాన్ని మనం మామూలు విషయంగా తీసుకుంటున్నాం. సాక్ష్యం చెప్పడానికి స్త్రీని ఆమె నివాసానికే వచ్చి విచారించాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్‌లోనూ అదే ఉంది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అలా చేయవలసివస్తే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది.

‘రౌడీలను ఏరేయండి’ అనే కేక మనకు సరిపోదు. ఆ కేక పోలీసు చేతికి మరింత బలమిస్తుంది తప్ప ‘అన్న’ గుమ్మానికి ప్రత్యామ్నాయం చూపదు. బస్తీ స్త్రీకి స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకునేవాళ్లు, న్యాయసేవాధికార సంస్థ దాకా తోడొచ్చేవాళ్లు ఉంటే ఆమె ఆ గుమ్మం ఎందుకెక్కుతుంది? ఆ తోడు కావడం మన సంఘాలు చేయగల పనే. తన కొడుకు చేసిన నేరానికి తాను బందీ కానక్కర్లేదని ఆ తల్లికి చెప్పడంతో ఆ పని మొదలుపెడదాం.