గోదావరైనా చెప్పి వస్తుంది

మా రాజోలు వైపు వానాకాలం వచ్చిందంటే అందరి చెవులూ ధవళేశ్వరం మీదే ఉంటాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంతకన్నా ముందే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర హెచ్చరికలు ఇచ్చేస్తారు. ఆ నీళ్ళు మా దాకా వచ్చేలోపు లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టెక్కిస్తారు, బియ్యం అటక మీదకి చేరుస్తారు. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మా అత్తయ్యగారు ఇంటి కాగితాలన్నీ ఓ సంచిలో కట్టి పైన పెట్టించారు. నష్టం లేదని కాదు. చేతికందినంత సర్దుకున్నాం, అంతే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న మా అమ్మాయి కాలేజీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపడానికి కూర్చున్నాను. ఎప్పుడూ మావారో, నెట్ సెంటర్ కుర్రాడో చేసే పని. ఈసారి నేనే చేస్తానని పంతం పట్టాను. ఆఖరి తేదీ ఆ రోజే.

పేర్లు, పుట్టిన తేదీలు, మార్కులు అన్నీ ఓపిగ్గా కొట్టాను. ఆధార్ నంబరు కోసం బీరువా తీశాను. ఇంతలో దింపు తీసే మనిషి వచ్చాడు. "కాయలు లెక్క చూసుకోండమ్మా" అంటే పెరట్లోకి వెళ్ళాను. వస్తూ వస్తూ అత్తయ్యగారికి మాత్ర ఇచ్చి, పొంగబోతున్న పాలు దించి వచ్చి కూర్చున్నాను. మిగతా రెండు గడులూ నింపి బటన్ నొక్కేసరికి "సెషన్ ఎక్స్‌పైర్డ్, మళ్ళీ లాగిన్ అవ్వండి" అని వచ్చింది. కొట్టినదంతా పోయింది. రెండోసారి సర్టిఫికెట్ ఫొటో సైజు తగ్గించుకునేలోపు మళ్ళీ అదే. మూడోసారికి నా చేతులు వణికాయి. "నావల్ల కాదులే" అనుకుని లేచాను.

చివరికి మావారు రాత్రి పదకొండింటికి పూర్తి చేశారు. ఆయనకి ఎందుకు అయిందంటే, ఆయన చేస్తున్నంతసేపూ కాగితాలు ఒక్కొక్కటే అందిస్తూ పక్కన నేనున్నాను. ఆయన్ని మధ్యలో ఎవరూ పిలవలేదు. ఆ ముక్క తట్టాకే నా మీద నాకు కోపం పోయింది.

ఆ గడియారం పెట్టినవాళ్ళని నేను తప్పు పట్టను. అమలాపురం నెట్ సెంటర్‌లో ఒకే కంప్యూటర్ దగ్గర రోజంతా ఎంతమంది కూర్చుంటారు! ఒకరు లాగౌట్ చేయకుండా లేచిపోతే వెనకాల కూర్చున్నవాళ్ళకి వాళ్ళ వివరాలన్నీ తెరిచి ఇచ్చినట్టే. అందుకే కాసేపు ఏ కదలికా లేకపోతే సర్వర్ తలుపు మూసేస్తుంది. మూయాలి కూడా. కానీ మూసే ముందు ఒక్క మాట చెప్పొచ్చుగా?

బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముణ్ణి అడిగాను. పెద్ద కష్టం కాదక్కా అన్నాడు. సర్వర్‌లో నడిచే గడువునే పేజీ కూడా పక్కన లెక్కపెడుతూ ఉంటుందట. ఇంకో రెండు నిమిషాలుందనగా "మీ సమయం అయిపోవస్తోంది, కొనసాగిస్తారా?" అని ఓ చిన్న పెట్టె వస్తుంది. అవునని నొక్కితే సర్వర్‌కి కబురు వెళ్ళి గడువు మళ్ళీ మొదలవుతుంది. మనం మనిషిమి లేకపోతే దానంతటది మూసుకుంటుంది. అసలు చిక్కు ఎక్కడంటే, మనం గడులు నింపుతూనే ఉన్నా, బటన్ నొక్కేదాకా సర్వర్‌కి ఏ కబురూ వెళ్ళకపోవచ్చట. అందుకని మనం ఖాళీగా కూర్చున్నామనే అనుకుంటుంది!

ఇది నేను కొత్తగా కోరుతున్నదేమీ కాదు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లోనే ఉంది. గడువు ముందుగా ఆపుకోడానికో, పెంచుకోడానికో వీల్లేకపోతే, అది ముగిసే ముందు హెచ్చరించాలి. పొడిగించుకోడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. వేలంపాట లాంటి వాటికి మినహాయింపు ఉంది. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2023లో వచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ ప్రమాణాల బాటలోనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. అది చూపు లేనివారూ, యాసిడ్ దాడి బాధితులూ వేసిన కేసులు. స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో గడీ విని నింపే మనిషికి మన పది నిమిషాలు ఏ మూలకి సరిపోతాయి? అందుకే ఆ హెచ్చరిక కనబడితే చాలదు, వినబడాలి కూడా.

ఇంకో సంగతి గమనించారా? ఫోన్ రీచార్జి అయిపోతుందంటే మూడు రోజుల ముందునుంచే మెసేజిలు మొదలవుతాయి. మన దగ్గర్నుంచి డబ్బు రావాల్సిన చోట గుర్తు చేయడం అందరికీ వచ్చు.

ఆడవాళ్ళ సమయం ఒక్క ముక్కగా ఉండదండీ. పొయ్యి దగ్గర అయిదు నిమిషాలు, పెరట్లో పది, పెద్దవాళ్ళ దగ్గర పావుగంట. ఆ ముక్కల్లోనే మనం పిల్లల్ని చదివించాం, సంసారాలు నడిపాం. కదలకుండా కూర్చునే మనిషి కోసమే గడియారం పెట్టి, అది దాటితే మనకి కంప్యూటర్ రాదనడం న్యాయం కాదు.

మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఇలాంటి పేజీలు తయారుచేసే పనిలోనే ఉన్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక ఇదీ అడగండి: "నాన్నా, మీరు చేసే పేజీ మూసుకునే ముందు చెప్తుందా? నింపినంతవరకూ దాచిపెడుతుందా?" అని.

మా అమ్మాయికి సీటు వచ్చింది. హాస్టల్ దరఖాస్తు వచ్చే వారం. అది నేనే నింపుతాను. కాగితాలు అందించే పని ఈసారి మావారిది.