ఫ్రీ అప్‌గ్రేడ్ ఎవరికిరా?



నిన్న రాత్రి భీమవరంలో మా హాస్టల్ రూములో సైబర్‌పంక్ 2077 తర్వాత రాబోయే గేమ్ గురించి ఒకటే చర్చ. క్యారెక్టర్‌కి ఈసారి ఏ అప్‌గ్రేడ్‌లు పెడతారా అని నేనూ ఎదురుచూస్తున్నా. మధ్యలో ఒకడు "నీకేంరా, రిజర్వేషన్ అనే ఫ్రీ అప్‌గ్రేడ్ ఉందిగా" అన్నాడు. అందరూ నవ్వారు.

2020 డిసెంబర్‌లో వచ్చిన ఆ గేమ్‌లో నోమాడ్, స్ట్రీట్ కిడ్, కార్పో, ఎవరిగా మొదలుపెట్టినా చేతికిచ్చే పాయింట్లు సమానం. మనకలా ఇచ్చారా? మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏజెన్సీ టీచర్ పోస్టులు మనకే దక్కేలా చేసిన జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇచ్చింది వెనక్కి లాక్కుంటే అది ఫ్రీ అప్‌గ్రేడా?

మొదట్లోనే రావాల్సిన పాయింట్లు ఆలస్యంగా ఇస్తే దాని పేరే రిజర్వేషన్. ఎవడైనా నవ్వితే తల దించుకోకండి, ఈ మాటే చెప్పండి.