కిటికీకి లోపలి వైపు

సాహిత్య పత్రికలో వీడియో గేముల మీద సంపాదకీయమేమిటని అడిగేవాళ్లుంటారు. రెండేళ్ల కిందటైతే నేనే అడిగేవాణ్ణి. నాకు తెలిసిన గేమల్లా ఇంటర్నెట్ సెంటర్లో గంటకింతని ఇచ్చి ఆడిన రోడ్ రాష్: బైకు మీద పోతూ పక్కవాణ్ణి తన్నడం, పోలీసుకు చిక్కకుండా తప్పించుకోవడం. పిల్లలు చెడిపోయే దారుల్లో గేములొకటని సభల్లో చెప్పాను కూడా. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ ఏడు సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు నా పాత లాప్‌టాప్‌లో ఒక ఆట ఎక్కించాడు. "ఇందులో ఎవణ్ణి కాల్చాల్రా?" అన్నాను. "కాల్చడం కాదు మామయ్యా, కాగితాలు చూసి స్టాంపు వెయ్యాలి" అన్నాడు. గుమాస్తా పనికి గేమెందుకని నవ్వాను. ఆ రాత్రి రెండింటి దాకా పడుకోలేదు.

ఆట పేరు 'పేపర్స్, ప్లీజ్'. లూకాస్ పోప్ అనే అమెరికన్ పెద్ద గేమ్ కంపెనీలో ఉద్యోగం మానేసి, జపాన్‌లో ఉంటూ, ఇంచుమించు ఒక్కడే తయారుచేశాడు. 2013 ఆగస్టులో వచ్చింది, మరుసటేడు బాఫ్టా అవార్డు తెచ్చుకుంది. దేశాలు తిరిగేటప్పుడు విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్ అధికారులు చేసే పని చూడగా పుట్టిన ఊహ. కాలం 1982. ఆర్‌స్టోట్‌జ్కా అనే లేని దేశం. ఆరేళ్ల యుద్ధం అయిపోయి సరిహద్దు అప్పుడే తెరిచారు. లాటరీలో మన పేరు వచ్చింది, చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. బయట మంచులో బారెడు క్యూ. లోపల బల్లంత జాగాలో పాస్‌పోర్టు, పర్మిట్, రూల్సు పుస్తకం, రెండు స్టాంపులు: పచ్చది, ఎర్రది. రూలు రోజుకోరకంగా మారుతుంది. మనిషికి ఐదు క్రెడిట్లు కూలి. సరైనవాణ్ణి రానిచ్చినా ఐదే, సరికానివాణ్ణి తిప్పి పంపినా ఐదే. పొద్దుగూకాక ఇంటి లెక్క: అద్దె, తిండి, హీటింగు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య. ఏది ఎగ్గొట్టినా ఎవరో ఒకరు మంచం పడతారు.

మొదటి రోజుల్లోనే ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పచ్చ స్టాంపు వేశాను. వెళ్తూ, వెనకే నా భార్య ఉంది, కాస్త చూడండి అన్నాడు. ఆవిడ దగ్గర ఎంట్రీ పర్మిట్ లేదు. వెనక్కి వెళ్తే చంపేస్తారంటోంది. నిజమో కాదో తేల్చే కాగితం నా బల్ల మీద లేదు.

ఇక్కడొక కిటుకుంది. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరిక చీటీలే వస్తాయి, జీతం కొయ్యరు. మూడోదాని నుంచి జరిమానా. అంటే ప్రభుత్వం మనకు తెలియకుండానే రోజుకు రెండు దయలు మంజూరు చేసిందన్నమాట. వాటిని దాచుకోవచ్చు, అవసరమైనవాళ్ల మీద ఖర్చుపెట్టవచ్చు. నేను ఆ పూట రెండింటినీ పొద్దున్నే పారేసుకున్నాను, ఒకటి గడువు తేదీ చూడక, ఇంకొకటి ఊరి పేరు స్పెల్లింగు చూడక. ఆవిడ వచ్చేసరికి నా దయ అయిపోయింది. ఎర్ర స్టాంపు వేశాను. ప్రింటరు కిక్కురుమనలేదు. చేసింది తప్పు కాదు కదా మరి!

చిన్నప్పుడు వైకుంఠపాళిలో పెద్ద పాము మింగితే ఏడ్చేవాళ్లం. ఆ ఏడుపులో సిగ్గు లేదు, గవ్వలు అలా పడ్డాయంతే. రావిశాస్త్రిగారి 'ఆరు సారా కథలు' చదివినప్పుడు కోర్టుల మీద, పోలీసుల మీద మండిపడ్డాను. మంచిదే. కానీ నేను కూర్చున్నది పడక్కుర్చీలో. ఆ కథల్లో ఎవరికి శిక్ష పడ్డా నా సంతకం అక్కర్లేదు. ఆట నన్ను కుర్చీలోంచి లేపి గుమాస్తా సీట్లో కూలేసింది. రాసినవాడి పనిలో సగం చదివేవాడి చేతికి అప్పగించే ప్రక్రియ ఒకటుందని, అది నవలకు అందని చోటుకు వెళ్లగలదని ఒప్పుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది. అన్ని గేములూ ఇలాంటివని కాదు, సుమా. మార్కెట్లో నూటికి తొంభై ఇప్పటికీ పక్కవాణ్ణి తన్నేవే అనిపిస్తుంది. అచ్చయ్యే నవలల సంగతి మాత్రం ఎవరు చెప్పొచ్చారు.

తెలుగువాళ్లకు ఈ కిటికీ కొత్త కాదు, బయట నిలబడి చూడటంలో మనకున్న అనుభవం కొద్దిమందికే ఉంటుంది. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ 2008లో వచ్చింది. బేగంపేటలో ఉన్నా, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉన్నా, గేటు బయట ఫైళ్లు గుండెకు హత్తుకుని నిలబడే పిల్లలు వాళ్లే. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వీసా వస్తే నూట ఎనిమిది చెల్లిస్తారు. ఆఫీసరు మూడు ప్రశ్నలే వేశాడని, తలైనా ఎత్తలేదని ఇంటికొచ్చి చెప్పుకుంటాం. ఆ ఆఫీసరుకు అది ఆ రోజు ఎన్నో తప్పో మనం అడిగిన పాపాన పోలేదు. ఇది వాళ్లను వెనకేసుకు రావడం కాదు. తిప్పి పంపితే పోయేది ఒక పిల్లవాడి ఏడాది, లోపలున్నవాడికి పోయేదేమీ లేదు. కానీ లోపల కూర్చుని చూశాక నా కోపం మనిషి మీంచి రూల్సు పుస్తకం మీదికి జరిగింది.

ఆటంతా ఇంత బరువుగా ఉండదు లెండి. జోర్జీ అనే ముసలాయన ఒకడొస్తాడు, తనే రంగులతో గీసుకున్న పాస్‌పోర్టు పట్టుకుని. అందులో ఉన్న దేశమే లోకంలో లేదు. తిప్పి పంపితే నవ్వుతూ పోతాడు, మళ్లీ వస్తానంటాడు, వస్తాడు. అంత మొండి ఆశ ఉన్న పాత్ర ఈమధ్య మన కథల్లో తగల్లేదు.

మేనల్లుడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, ఇంకా ఆడుతున్నావా మామయ్యా అన్నాడు. ఈసారి ఆవిణ్ణి లోపలికి పంపేశానురా అన్నాను.

"ఎన్నో తప్పు కింద?"

"మూడోది" అన్నాను.