పుల్ల కోసే వేళ

వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో తిన్న మామిడిపండు రుచి మరచిపోలేక, టెంక తెచ్చి పెరట్లో పాతిపెట్టేవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎంతోమంది. టెంక మొలుస్తుంది. చెట్టవుతుంది. ఎనిమిదేళ్ళో పదేళ్ళో ఎదురుచూస్తే కాయ కూడా కాస్తుంది. తీరా కోసి నోట్లో పెట్టుకుంటే... అది అమ్మమ్మగారి చెట్టు పండు కాదు! పీచు ఎక్కువో, తీపి తక్కువో, ఏదో ఒక తేడా. తప్పు నేలదీ కాదు, నీటిదీ కాదు. మన వైపు పండే మామిడి రకాల్లో చాలావరకు టెంక నాటితే తల్లి గుణం అచ్చంగా దిగదు. పూత మీద వాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడి మోసుకొచ్చిందో ఎవరికి తెలుసు?

అదే చెట్టు మళ్ళీ కావాలంటే దారి ఒక్కటే, అంటు. ఆ చెట్టు నుంచే పుల్ల కోసి, నాటు టెంక మొలక మీద కట్టాలి. కట్టే పని చేయితిరిగినవాళ్ళది. కడియం, కడియపులంక చుట్టుపక్కల అలాంటివాళ్ళకు కొదవలేదు. కానీ పుల్ల ఎప్పుడు కోయాలన్నది మాత్రం చెట్టున్నవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి. ఎందుకంటే వేళ తప్పిన పుల్లని ఎంత గొప్ప పనివాడికిచ్చినా అది ఎండుపుల్లే.

పండూరి, కొత్తపల్లి కొబ్బరి, బంగినపల్లి, సువర్ణరేఖ... ఇలా పేరున్న రకాల గురించి బెంగ అక్కర్లేదు. నర్సరీల్లో అడిగితే దొరుకుతాయి. చిక్కల్లా పేరు లేని చెట్లతోనే. 'నూతి దగ్గర చెట్టు' అనో, 'తాతయ్య చెట్టు' అనో ఆ ఇంట్లోనే చెల్లే పేరుంటుంది దానికి. ఏటా ఆవకాయకి ఆ కాయే కావాలంటుంది నాయనమ్మ. లోకం మొత్తం మీద ఆ రకానికి ఉన్నది అదొక్కటే చెట్టు. అన్నదమ్ములు స్థలం పంచుకున్నప్పుడో, డాబా వేసినప్పుడో కొట్టేస్తే అంతే సంగతులు. తుపాను సంగతి చెప్పనే అక్కర్లేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి కోనసీమలో కూలిన కొబ్బరిచెట్ల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు వేళ్ళతో లేచిపోయిన పెరటి మామిళ్ళ లెక్క ఎవరు రాశారు?

మరి వేళ ఏది? ఆపిల్, పియర్ కాసే చలి ప్రాంతాల్లో ఈ లెక్క తేలిక. శీతకాలం రాగానే చెట్టు ఆకంతా రాల్చేసి ఒక్కసారిగా నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగానే పుల్లలు కోసి, తడి ఆరకుండా చుట్టి, చల్లటిచోట దాచి, వసంతం రాగానే కడతారు. మన మామిడి ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. అందుకని అసలు నిద్రే లేదనుకోకూడదు. కొమ్మకొమ్మా విడివిడిగా కునుకు తీస్తుంది. చిగురు వేశాక ఆ ఆకులు రాగిరంగు నుంచి లేతాకుపచ్చకీ, అక్కణ్ణుంచి ముదురాకుపచ్చకీ తిరుగుతాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు కొస మొగ్గ కదలకుండా ఉంటుంది. మళ్ళీ చిగురు తోసుకొచ్చే ముందు, ఆ కునుకు ఆఖరి రోజులున్నాయే... అదీ పుల్ల కోసే వేళ.

గోదావరి డెల్టాలో అది ఎక్కువగా వానాకాలంలో కలిసొస్తుంది. ఆ ఏడు పూత రాని కొమ్మలు మాఘ, ఫాల్గుణాల తర్వాత చిగురేస్తాయి. తొలకరి పడి మృగశిర, ఆరుద్ర కార్తెలు వచ్చేసరికి వాటికి మూడు నాలుగు నెలల వయసొస్తుంది. సరిగ్గా కావాల్సింది అదే. కాయ కోసిన కొమ్మ పనికిరాదు. మానులోంచి నిటారుగా దూసుకొచ్చే నీరుకొమ్మలూ వద్దు, చూడ్డానికి ఎంత ఏపుగా ఉన్నా సరే. గుబురు లోపల నీడన పెరిగినవీ వద్దు. బయటివైపు ఎండ తగిలే కొమ్మ కొసలు, పెన్సిలంత లావువి, గుండ్రంగా ఉన్నవి చూసుకోవాలి. పుల్లని కాస్త వంచి చూడండి. తీగలా వేలాడిపోతే ఇంకా లేత. పుటుక్కున విరిగిపోతే ముదిరినట్టు.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. పుల్ల బాగుంది కదా అని అప్పటికప్పుడు కోసి పట్టుకుపోతారు. అనుభవమున్న పనివాళ్ళు అలా చేయరు. ఎంచుకున్న కొసకి వారం పది రోజుల ముందే ఆకులు కత్తిరించేస్తారు. ఆకు మాత్రమే, తొడిమ కొమ్మకే ఉంచాలి. ఆకుని చేత్తో లాగితే తొక్క చీరుకుపోయి పక్కనున్న కన్ను దెబ్బతింటుంది. ఇలా చేశాక పుల్ల చెట్టునే ఉంటుంది, చెట్టు నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది. ఇంకో పక్క కొస మొగ్గ మెల్లగా ఉబ్బడం మొదలెడుతుంది. వారం దాటాక తొడిమల్ని వేలితో తాకితే చాలు, రాలిపోతుంటాయి. మొగ్గ ఉబ్బి, ఇంకా విచ్చుకోకుండా ఉంటుంది. ఇక ఆలస్యం చేయకూడదు. విచ్చుకుంటే పుల్లలో ఉన్న సత్తువంతా ఆ చిగురుకే ఖర్చయిపోతుంది. అతుక్కోవడానికి ఏం మిగులుతుంది?

కోసేది పొద్దున్నే, ఎండెక్కకముందు. జానెడు కంటే కాస్త తక్కువ పొడవు చాలు. కోసిన పుల్లల్ని బకెట్టు నీళ్ళలో ముంచి ఉంచేవాళ్ళున్నారు, అది మంచిది కాదు. తడిపి గట్టిగా పిండిన గోనెగుడ్డలోనో, పచ్చి అరటిదొప్పలోనో చుట్టి, పైన పాలిథిన్ కవరు వేస్తే బస్సులో రాజమండ్రి దాకా తెచ్చినా వాడవు. అదే రోజు కడితే మేలు. మూడు నాలుగు రోజులైతే ఫర్వాలేదు. అంతకు మించి ప్రతి రోజూ నష్టమే.

వేరు మొక్క ముందుగా సిద్ధంగా ఉండాలన్న మాట మరచిపోకండి. మామిడి టెంక సత్తువ త్వరగా చచ్చిపోతుంది. తిన్న మూడు నాలుగు వారాల్లోపే సంచిలో నాటాలి. కాండం ఇంకా రాగిరంగులో ఉన్న పదిహేను రోజుల మొలక మీద కూడా అంటు కట్టొచ్చు. కొన్ని నెలలు పెరిగాక లేత కాండం మీద కట్టే పద్ధతీ ఉంది. ఏ పద్ధతైనా గాలిలో తేమ ఉన్నప్పుడే బాగా పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అందుకే మంచి కాలం. కట్టిన రెండు మూడు వారాల్లో పుల్ల చిగురేస్తే పడినట్టే. ఇంట్లో ఒక్కటే చెట్టున్నవాళ్ళు కనీసం పది పుల్లలైనా కట్టించడం మంచిది. ఎంత చేయితిరిగినా అన్నీ పడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తుపాను మన కార్తెలు చూసుకుని రాదు కదా! అక్టోబరు, నవంబరుల్లో చెట్టు కూలిపోతే అయ్యో అని కూర్చోకండి. వానాకాలపు చిగుళ్ళు అప్పటికి ముదిరి, పూతకు ముందు కునుకులోనే ఉంటాయి. ఆకు వాడకముందే, ఒకటి రెండు రోజుల్లోపు కొసలు కోసి, తొడిమలుంచి ఆకులు కత్తిరించేసి నర్సరీకి చేర్చాలి. వానాకాలమంత బాగా పడకపోవచ్చు. కానీ పదింటిలో రెండు దక్కినా ఆ చెట్టు బతికినట్టే. ఇలా కట్టినవాటికి ఒక్కోసారి చిగురు బదులు పూత వస్తుంది. మురిసిపోకుండా గిల్లేయాలి.

మిగతా చెట్లకూ దేని లెక్క దానిదే. జీడిమామిడి పుల్లకీ ఇలా ముందుగా ఆకు కత్తిరించాల్సిందే. సీతాఫలం నిజంగానే ఆకు రాలుస్తుంది కాబట్టి, కొత్త కళ్ళు విచ్చకముందు మోడుకొమ్మ నుంచే తీసుకోవచ్చు. సపోటాని పాల మొక్క మీద కడతారు. అక్కడ కొమ్మని ముందే కోయరు, చెట్టునుండగానే పక్కన మొక్కని చేర్చి కట్టి, అతుక్కున్నాక వేరుచేస్తారు.

కొత్తగా పుల్ల ఎంచేవాళ్ళకి సందేహాలుంటే పశ్చిమగోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, నూజివీడులో మామిడి పరిశోధనా స్థానం ఉంది. అంటు ఇంటికొచ్చాక చేయాల్సిన పని చిన్నదే. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురునీ ఎప్పటికప్పుడు గిల్లేయాలి. అది నాటు టెంకది. వదిలేస్తే నాలుగు నెలల్లో పైనున్న తాతయ్య చెట్టుని మింగేస్తుంది.